ఎవరింటి ఆనవాయితీ?

సన్నీవేల్,
జనవరి 18, 2025.

పెద్దమ్మకి అవని నమస్కారాలు. పెదనాన్నగారికి కూడా చెప్పు.

నువ్వు రాగిణి అక్క దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ నేను చెప్పినదానికల్లా "ఊఁ, ఊఁ" అంటావు. ఫోన్ పెట్టేశాక "అదేమందే?" అని అక్కని అడుగుతావట. అక్క అంతా చెప్పేసింది. చెవి మిషన్ పెట్టుకోమంటే గోల గోలగా ఉంటుందని పెట్టుకోవట. సరే, నీతో నేను గెలవలేను. అందుకే ఈ ఉత్తరం. నేను తెలుగు రాసి పదేళ్లయింది, సర్దుకుని చదువుకో.

ఒక పెద్ద కబురుంది. మా కంపెనీ చేసేది కూరగాయలు, పళ్లు ఎండబెట్టే డ్రైయర్. వంటింటి గట్టు మీద పట్టేంత పెట్టె. ముక్కలు ట్రేలో పరిచి బటన్ నొక్కితే వేడిగాలి వచ్చి ఎండిపోతాయి. ఇలాంటివి మార్కెట్లో బోలెడున్నాయి. అన్నిటికీ ఉన్న తలనొప్పే మాదానికీ ఉండేది. ముక్క పైన తొందరగా గట్టిపడిపోతుంది, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. డబ్బాలో పోసి పెడితే నెల తిరిగేసరికి బూజు. వేడి పెంచితే పైన ఇంకా గట్టిపడుతుంది. తగ్గిస్తే పన్నెండు గంటలు పడుతుంది.

రెండేళ్లు దీని మీదే కూర్చున్నాను. మొన్న అక్టోబర్లో కంపెనీ షటిల్ బస్సులో ఆఫీస్‌కి వెళుతుంటే ఠక్కున తట్టింది. మధ్యలో వేడి ఆపేసి కాసేపు తడిగాలి పంపితే? అందరూ ఎండబెట్టడానికి చూస్తుంటే నేను తడపడానికి చూశాను. పైపొర మెత్తబడి లోపలి తడి బయటికి వచ్చేసింది. తర్వాత మామూలుగా ఎండబెడితే ఏడు గంటల్లో లోపలిదాకా గలగలమంది. మా బాస్ రుత్విక్ ఎగిరి గంతేశాడు. ఇక్కడే పుట్టిన తెలుగు అబ్బాయి, నాకంటే చిన్నవాడు. ఇప్పుడు ప్రతి మీటింగ్‌లోనూ "ప్రపంచంలో మొదటిసారి" అని స్లైడ్ వేస్తున్నాడు.

దీనికి పేటెంట్ ఫైల్ చేస్తున్నారు. అంటే, ఇది కొత్తది, ముందెవరూ చేయలేదు, కనిపెట్టింది ఫలానా మనిషి అని ఇక్కడి గవర్నమెంట్ ఒప్పుకునే కాగితం. కనిపెట్టినవాళ్లు అన్నచోట నా పేరొక్కటే ఉంటుంది. నా వీసా వచ్చే ఏడాది మార్చితో అయిపోతుంది. గ్రీన్‌కార్డ్‌కి నా అంతట నేను అప్లై చేసుకోవాలంటే "ఈమె కొత్తది కనిపెట్టింది" అని చూపించాలి. చూపించడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఇది లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

అమ్మకంటే ముందు నీకే చెప్పాలనిపించింది. ఎందుకో తెలీదు.

అవని


నేపర్‌విల్,
జనవరి 29.

అవని తల్లికి పెద్దమ్మ రాయునది,

ఉత్తరం చేరింది. మీ పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని గొంతెత్తి చదివారు. సగం వినబడక లాక్కుని నేనే మళ్లీ చదువుకున్నాను. నా బంగారు తల్లే! పదిమంది మగపిల్లల మధ్య ఒక్కర్తివీ ఇంత పని చేశావా అని కళ్లు చెమర్చాయి.

ఇక్కడ మంచు మోకాళ్ల దాకా పడింది. రాగిణి చీకటితోనే రైలెక్కి చికాగో పోతుంది. తన్విని బడి బస్సు ఎక్కించేది మీ పెదనాన్నే. దానికి నాలుగు నీళ్ల సీసాలున్నాయి. అయినా అయిదోది కావాలని నిన్న ఒకటే ఏడుపు. "ఉన్నవాటికేమైందే?" అన్నాను. "అమ్మమ్మా, అది న్యూ. ఇవి ఆల్రెడీ నావి" అంది.

ఇక నీ సంగతి. నువ్వు కనిపెట్టినదేమిటో చదువుతూ ఉంటే నవ్వు ఆగలేదే! ఓసి పిచ్చిమొహమా, అది మన డాబా మీద చేసేదేగా! గుమ్మడి వడియాలు పెట్టినప్పుడు మిట్టమధ్యాహ్నం పాత పంచె తడిపి, గట్టిగా పిండి, వాటి మీద కప్పేవాళ్లం. అరగంట ఆగి తీసేసేవాళ్లం. లేకపోతే పైన పెచ్చు కట్టేసి లోపల పచ్చిగా ఉండిపోతాయి. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఆ పంచె రెండు కొసలు నేను పట్టుకుంటే రెండు కొసలు నువ్వు పట్టుకునేదానివి. కాళ్లు కాలుతున్నాయని గెంతుతూ పట్టుకునేదానివి. ఏడేళ్లుంటాయేమో నీకు. "ఎండబెట్టేవాటిని తడపడమేంటి పెద్దమ్మా?" అని అడిగావు కూడా.

అది మా అమ్మమ్మగారింటి ఆనవాయితీ. పాలకొల్లులో మా వీధి వీధంతా నా దగ్గరే నేర్చుకుంది. మీ రుత్విక్‌తో చెప్పు, ప్రపంచంలో మొదటిసారి కాదు నాయనా, మా డాబా మీద ఎప్పుడో అయిపోయింది అని. ఎంత చదువుకున్నా చిన్నప్పుడు చూసింది ఎక్కడికీ పోదు. నాకు చాలా గర్వంగా ఉంది.

వేళకి తిను. షటిల్‌లో కూర్చుని ఆలోచిస్తూ దిగాల్సిన చోట దిగడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ


సన్నీవేల్,
ఫిబ్రవరి 8.

పెద్దమ్మా,

ఆ ఉత్తరం ఎందుకు రాశావు?

నీ తప్పేం లేదు, నాకు తెలుసు. సంతోషంతో రాశావు. కానీ నాలుగు రోజులుగా దాన్నే తిప్పి తిప్పి చదువుతున్నాను. పేటెంట్ సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు నేను. ముందు ఎవరైనా, ఎక్కడైనా, నలుగురికీ తెలిసేలా చేసి ఉంటే అది కొత్తది కాదు. పెద్ద ల్యాబ్‌లోనే చేయక్కర్లేదు. పాలకొల్లులో డాబా మీద చేసినా లెక్కే. పైగా, అలాంటిది ఉందని నాకు తెలిస్తే నేను చెప్పి తీరాలి. దాచిపెట్టి పేటెంట్ తెచ్చుకుంటే, తర్వాత బయటపడితే మొత్తం కొట్టేస్తారు. మా పేటెంట్ లాయర్ ఒక పెద్దావిడ. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి ఇదంతా చెప్పింది. వచ్చే నెల ఒకటో వారంలో సంతకం పెట్టాలి.

నీ ఉత్తరం రాకముందు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

నిజం చెబుతున్నాను, నాకు తట్టినప్పుడు ఆ పంచె గుర్తులేదు. డాబా గుర్తుంది, కాళ్లు కాలడం గుర్తుంది, నువ్వు పెట్టే మామిడికాయ ముక్కలు గుర్తున్నాయి. పంచె గుర్తులేదు. అది నాకు కొత్తగానే తట్టింది. ఎక్కడినుంచో తీసుకున్నట్టు లేదు.

ఒక్కసారి నెమ్మదిగా గుర్తు తెచ్చుకో. ఆ పంచె కాకుల కోసమేమో కదా? దుమ్ము పడకుండా కప్పేవాళ్లమేమో? ఇప్పటికి పాతికేళ్లయింది, నువ్వు వేరేదానితో కలిపేసుకుని ఉంటావు. అలా అయితే ఏ గొడవా లేదు. కాకుల కోసమని ఒక్క ముక్క రాసి పంపు చాలు.

అడగకూడనిది అడుగుతున్నానని తెలుసు. ఇక్కడ ఆరేళ్లు కష్టపడ్డాను పెద్దమ్మా. పేరు చెప్పుకోవడానికి ఇదొక్కటే ఉంది నాకు.

అవని


నేపర్‌విల్,
ఫిబ్రవరి 17.

చిరంజీవి అవనికి,

నీ ఉత్తరం అందింది. నువ్వన్నట్టు ఆలోచించాను. ఆ పంచె కాకుల కోసమే. పొడిబట్ట అయితే గాలికి ఎగిరిపోతుందని తడిపి కప్పేవాళ్లం. ముసలిదాన్ని, ఏదో గొప్పకి రాసేశాను. అంతకుమించి అందులో ఏమీ లేదు.

మీ పెదనాన్నకి జలుబు తగ్గింది. తన్వికి అయిదో సీసా కొన్నారు.

రాజేశ్వరమ్మ


సన్నీవేల్,
మార్చి 2.

పెద్దమ్మా,

చిన్నప్పటినుంచీ నీ ఉత్తరాలన్నిటి కిందా "మీ పెద్దమ్మ" అని ఉంటుంది. ఈసారి పేరు రాశావు. అదొక్కటి చాలు నీకు ఎంత కోపం వచ్చిందో తెలియడానికి.

అయినా ఉత్తరం చూడగానే హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. ఆ వారం హాయిగా నిద్రపోయాను. మొన్న గురువారం లాయర్ పిలిచింది. సంతకం పెట్టేముందు చివరిసారి అడుగుతున్నానంటూ, "చిన్నప్పుడుగానీ, ఎవరింట్లోగానీ ఇలాంటిది చూశావా?" అంది. "లేదు" అన్నాను. అన్నానే గానీ పెన్ను తీసుకోలేకపోయాను. సోమవారం పెడతానని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో కూడా చెబుతాను. రేపు ఎప్పుడైనా అమ్మ ఎవరి దగ్గరైనా ఆ పంచె సంగతి ఎత్తుతుందేమో, ముందే నోరు మూయించాలని చేశాను. అంత దూరం వెళ్లింది నా బుద్ధి. "మీ అమ్మమ్మగారింట్లో వడియాల మీద తడిబట్ట కప్పేవారా?" అని అడిగాను. అమ్మ పకపకా నవ్వింది. "మా అమ్మమ్మా? వడియాలా? ఆవిడకి గుమ్మడి వడియాల ఆనవాయితీయే లేదే! ఏదో ఏడాది పెడితే తాతయ్యకి టైఫాయిడ్ వచ్చిందట. అచ్చిరాలేదని ఇక జన్మలో పెట్టలేదు. మేం కొనుక్కుని తినేవాళ్లం" అంది.

మరి నువ్వు మొదట రాసిందేమిటి పెద్దమ్మా? మీ అమ్మమ్మగారింటి ఆనవాయితీ అన్నావు. తర్వాత కాకులన్నావు. కాకుల మాట నేను అనిపించాను, అది పోనీ. మొదటి మాట ఎవరూ అనిపించలేదే!

మొదటిదే అబద్ధమైతే నాకు పండగే. నిజమైతే నా పని అయిపోయినట్టే. కానీ ఇప్పుడు పండగ కోసం అడగడం లేదు. ఏది నిజమో తెలియకుండా సంతకం పెట్టలేను. సోమవారం కుదరదని లాయర్‌కి మెసేజ్ పెట్టాను. రుత్విక్ రోజుకి మూడుసార్లు అడుగుతున్నాడు.

ఈసారి నీకు ఏది రాయాలనిపిస్తే అది రాయి. నా సంగతి చూడకు.

అవని


నేపర్‌విల్,
మార్చి 13.

అవనీ,

మీ అమ్మ చెప్పింది నిజం. మా అమ్మమ్మ వడియాలు పెట్టలేదు. ఆవిడ వంటింట్లో ఉండగా నేను చూసింది కూడా తక్కువే.

నేను చెప్పింది కూడా నిజమే. తడిపంచె కప్పేవాళ్లం. లోపలిదాకా ఎండడానికే కప్పేవాళ్లం. కాకులకి కాదు.

ఇంకా నీకు అర్థం కాకపోతే చెబుతున్నాను. అది ఎవరి ఆనవాయితీ కాదు. నేను చేసిందే.

పెళ్లయి ఆ ఇంటికి వచ్చేసరికి నాకు పంతొమ్మిదేళ్లు. మా అత్తగారు ఏటా నాలుగు డబ్బాలు గుమ్మడి వడియాలు పెట్టించేది. నేను వచ్చిన మొదటి ఏడే ముసురులో మూత తీస్తే డబ్బా డబ్బా బూజు. "నీ చెయ్యి మంచిది కాదు" అంది. వచ్చినవాళ్లందరితోనూ అంది. మరుసటేడు ఆవిడ చేత్తో పెట్టినవీ బూజు పట్టాయి. అయినా నేను గిన్నె అందించానని నా చెయ్యే అంది.

మూడో ఏడు తీగ మీద ఆరేసిన తడి తువ్వాలు జారి ఒక మూల వడియాల మీద పడింది. నేను చూసుకోలేదు. ఎంతసేపటికో చూశాను. మళ్లీ తిట్లు తినాల్సి వస్తుందని ఆ మూలవి గబగబా వేరు చేసి ఒక చిన్న సీసాలో దాచేశాను. శ్రావణంలో పెద్ద డబ్బా మళ్లీ పాడైంది. ఎవరూ లేనప్పుడు నా సీసా తీశాను. ఒక్కటంటే ఒక్కదానికి బూజు లేదు. విరిచి చూస్తే లోపల తెల్లగా ఉంది.

నాకు ఆ ఏడాదంతా ఇంకో ధ్యాస లేదు. మరుసటి వేసవి కోసం కాచుకుని కూర్చున్నాను. మా అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు డాబా ఎక్కేదాన్ని. ఒక వరుస మీద తడిబట్ట కాసేపు, ఇంకో వరుస మీద ఇంకాసేపు. పిట్టగోడ నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసేదాన్ని, గడియారం పైకి తీసుకెళ్తే అడుగుతారని. పొద్దున కప్పితే దండగ. సాయంత్రం కప్పితే చెడిపోతాయి. ఎండ మండే వేళ అరగంట. అది తెలియడానికి నాకు రెండు వేసవులు పట్టింది. నువ్వు రెండేళ్లు కూర్చున్నానన్నావే, చదివినప్పుడు అదే గుర్తొచ్చింది.

రెండో వేసవిలో దొరికిపోయాను. మా అత్తగారు మెట్ల మీద నిలబడి చూస్తోంది. "ఎండబెట్టేవాటి మీద తడిబట్టా? ఇదేం విడ్డూరం! ఎవరింటి ఆనవాయితీ ఇది?" అంది. నేనే ఆలోచించి చేస్తున్నాను అన్నానా, ఆ పంచెతో పాటు నన్నూ కిందికి దింపేసేది. ఇరవై మూడేళ్లదాన్ని. నా నోట్లోంచి "మా అమ్మమ్మగారిదండీ" అని వచ్చేసింది. బతికున్నవాళ్ల పేరు చెబితే కబురు పంపి కనుక్కుంటుందని, పోయినావిడ పేరు చెప్పాను. మా అత్తగారు కొంగు సర్దుకుంది. "పెద్దవాళ్ల పద్ధతైతే సరే. ముందే చెప్పొద్దూ?" అని కిందికి వెళ్లిపోయింది.

అంతే. ఆ ఏడాది నాలుగు డబ్బాలూ నిలిచాయి. పక్కింటివాళ్లు నేర్చుకున్నారు. తర్వాత వీధి. మా అత్తగారే అందరికీ చెప్పేది, "మా కోడలి అమ్మమ్మగారి ఆనవాయితీ" అని. కొన్నేళ్లకి ఎవరో ఒకావిడ వచ్చి, "మీ అమ్మమ్మగారు నూలు పంచె తప్ప వాడేవారు కాదట కదండీ, మీరేంటి టెరీకాటన్ కప్పారు?" అని నన్నే దిద్దింది. నేను పుట్టించిన అమ్మమ్మ నాకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది! నవ్వాలో ఏడవాలో తెలియక అవునండీ అన్నాను.

మీ పెదనాన్నకి కూడా ఇంతవరకూ తెలియదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మా అత్తగారు పోయాక చెబుదామనుకున్నాను. అప్పటికి అది అందరికీ పాతదైపోయింది. ఇప్పుడు నాది అంటే ఎవరు నమ్ముతారు? నీకు రాసినప్పుడు కూడా చేతికి అలవాటైపోయి అమ్మమ్మ అనే రాశాను చూశావా!

నువ్వు కొత్తది కొత్తది అని రాశావు. కొత్తదంటే ఏమిటో నాకు తెలియదు. ఎప్పుడో ఎవరో ఒకత్తె ఇదే చేసి ఉండొచ్చు. మన ఆనవాయితీల్లో ఇలా భయపడి అమ్మమ్మ పేరు చెప్పిన కోడళ్లవి ఎన్నున్నాయో! కానీ ఆ సీసా మూత తీసి వడియం విరిచినప్పుడు నాకెలా ఉందో నాకు తెలుసు. అది నాకెవరూ ఇవ్వలేదు. నీకూ షటిల్‌లో అలాగే ఉండి ఉంటుంది. నీది దొంగతనమని నేననను.

నా జన్మలో నేను సొంతంగా చేసింది అదొక్కటే అవనీ. దాన్ని పాతదని చెప్పి బతికించుకున్నాను. పేటెంటులో నీ పేరు రాసుకో, నాకేమీ వద్దు. కానీ కాకుల కోసమని మాత్రం నా చేత ఇంకోసారి రాయించకు. ఒకసారి నా కోసం అబద్ధమాడాను. ఒకసారి నీ కోసం ఆడాను. మూడోసారి నా వల్ల కాదు.

మీ పెద్దమ్మ


సన్నీవేల్,
ఏప్రిల్ 6.

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి ఆఫీస్‌కి సెలవు పెట్టేశాను. వెంటనే జవాబు రాయలేకపోయాను. ముందు చేయాల్సింది చేసి అప్పుడు రాద్దామనుకున్నాను.

నన్ను క్షమించు. కాకుల మాట నేను అడగకుండా ఉండాల్సింది. నీకున్నది అదొక్కటని నాకు తెలియదు. తెలియకపోయినా అడగకూడదు.

మన ఉత్తరాలన్నీ లాయర్ దగ్గరికి పట్టుకెళ్లాను. నావి పోస్ట్ చేసేముందు ఫోన్‌లో తీసుకున్న ఫోటోలు, నీవి అసలువే. టేబుల్ మీద పరిచి ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. కాకుల ఉత్తరం కూడా దాచలేదు, నేనే అడిగి రాయించానని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్నోసారి చూసింది గానీ తిట్టలేదు. పిట్టగోడ నీడకి సుద్దగీత గీశావని చెబితే మాత్రం "మళ్లీ చెప్పు" అని రాసుకుంది.

ఇక జరిగింది ఇది. ఎండబెట్టడం మధ్యలో తడపడం అనే మాట పేటెంట్‌లోంచి తీసేశారు. వీధంతా నలభై ఏళ్లు చేసింది కాబట్టి అది ఇక ఎవరికీ ఇవ్వరు. నాకూ ఇవ్వరు, నీకూ ఇవ్వరు. మిగిలింది చిన్నది. ట్రేలో ముక్కల బరువు తగ్గడాన్ని బట్టి ఎప్పుడు తడపాలో, ఎంతసేపు తడపాలో మా పెట్టె తనంతట తానే తేల్చుకుంటుంది. నీ సుద్దగీత చేసే పని. అది మాత్రం నాదేనట. చిన్నదే, కానీ నాదే. గ్రీన్‌కార్డ్ లాయర్‌ని అడిగితే "ఇంత చిన్నదైతే కష్టం, వేసి చూద్దాం" అన్నాడు. రాకపోవచ్చు. వచ్చే మార్చికి ఎక్కడుంటానో తెలియదు. రుత్విక్ స్లైడ్ తీసేశాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత "మీ పెద్దమ్మగారు ఆ లెటర్ రాయకపోయి ఉంటే?" అన్నాడు. "రాయకపోయినా ఆ పంచె అక్కడ ఉండేది" అన్నాను.

ఇంకో సంగతి. ముందు ఎవరు చేశారో ఆ కాగితాల్లో రాయాలి కదా, లాయర్ మొదట "ఇండియాలో అనాదిగా వస్తున్న సంప్రదాయ పద్ధతి" అని డ్రాఫ్ట్ చేసింది. రుత్విక్‌కి బాగా నచ్చింది. ఎవరిదీ కాదు, ఏ గొడవా లేదు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నీ పెళ్లి ఏడాది నుంచి లెక్కేసి, అనాదిగా కాదు, 1981 నుంచి, అన్నాను. అలా అయితే మీ పెద్దమ్మే రాసి సంతకం పెట్టాలి అంది లాయర్.

ఆ కాగితం దీనితో పంపుతున్నాను. నాలుగు ప్రశ్నలున్నాయి. ఎప్పుడు చేశారు, ఎక్కడ చేశారు, ఎవరు చూశారు, ఎవరు నేర్పారు. ప్రతి ప్రశ్న కిందా తెలుగులో రాశాను. నువ్వు తెలుగులోనే రాయి. నీకు ఇష్టం లేకపోతే వద్దు. పెదనాన్నగారికి తెలుస్తుందని భయమైతే అమ్మమ్మ అనే రాసెయ్యి. నేనేమీ అనుకోను. నువ్వు ఏది రాస్తే అదే వెళుతుంది.

అవని


నేపర్‌విల్,
ఏప్రిల్ 19.

నా తల్లి అవనికి,

కాగితం వచ్చి వారమైంది. ముందు మీ పెదనాన్నకి చెప్పకుండా దాన్ని ముట్టుకోదలచుకోలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు రోజులు గడిపాను. చివరికి నీకు రాసినట్టే ఒక కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చాను. ఇదేం చోద్యం అన్నట్టు చూశారు. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటి మరి!

చదివారు. మడిచి జేబులో పెట్టుకుని వాకింగ్‌కని వెళ్లిపోయారు. గంటన్నర రాలేదు. రాగిణి కంగారుపడి కారేసుకుని వెళ్లబోతుంటే వచ్చారు.

"మా అమ్మకి చెప్పకపోయావా?" అన్నారు.

"చెబితే పెట్టనిచ్చేదా?" అన్నాను.

ఆయన చాలాసేపు చెప్పులు విప్పుకోలేదు. "పెట్టనిచ్చేది కాదు" అన్నారు. చెప్పులు విప్పుతూ, "నాకైనా చెప్పకపోయావా?" అన్నారు. చెబితే ఈయన ఏం చేసేవారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నలభై మూడేళ్లు మా అమ్మమ్మని ఊరంతా పొగిడినాయన ఒక్కసారి నన్ను పొగిడిన గుర్తు లేదు. ఆ మాట నేను పైకి అనలేదు గానీ ఆయన మొహం చూస్తే విన్నట్టే ఉంది.

రాగిణికి కోపం వచ్చింది. తనకి చెప్పకుండా నీకు చెప్పానని కాదు. తన పెళ్లికి సారెలో ఇచ్చిన వడియాల డబ్బా మీద కూడా నేను చెప్పానని ఎవరో మా అమ్మమ్మ పేరే రాశారట, అది గుర్తొచ్చి ఏడ్చింది.

నీ గ్రీన్‌కార్డ్ పోతుందేమోనని రోజూ అనుకుంటూనే ఉన్నాను. నా ఉత్తరమే నీకు ఈ చిక్కు తెచ్చింది. రాసినందుకు విచారం లేదని చెప్పలేను. రాయకపోయి ఉంటే బాగుండేదని కూడా అనలేను. మార్చికి ఎక్కడుంటావో తెలియదన్నావు. ఎక్కడున్నా ఆ పెట్టె నీ పెట్టే. దాని బరువు సంగతి నాకు జన్మలో తట్టేది కాదు.

కాగితం నిన్న సాయంత్రం నింపాను. ఎప్పుడు అన్నచోట 1981 వేసవి, 1982 వేసవి అని రాశాను. ఎక్కడ అన్నచోట పాలకొల్లు, మా ఇంటి డాబా అని రాశాను. ఎవరు చూశారు అన్నచోట నేను ఆగితే మీ పెదనాన్న పెన్ను తీసుకుని తన పేరు తనే రాశారు. "పరంధామయ్య, భర్త. రోజూ చూశాను. ఏం చూస్తున్నానో తెలియకుండా చూశాను" అని రాశారు. అంత అక్కర్లేదేమో అన్నాను. ఉండనీ అన్నారు.

ఎవరు నేర్పారు అన్నదగ్గర నా చేయి దాని పని అది చేసేసింది. "అమ్మ" దాకా రాసేసింది. కొట్టేశాను. రాగిణి వేరే కాగితం ప్రింట్ తీసిస్తానంది, వద్దన్నాను. ఆ కొట్టేసినదాని పక్కనే "ఎవరూ నేర్పలేదు" అని రాసి సంతకం పెట్టాను.

రాజేశ్వరమ్మ